అద్దె ఇంట్లో చావకూడదు

మా అక్క కొడుకు రఫీ ఈ మధ్య హైదరాబాదు నుంచి వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "పిన్నీ, నేను రియల్ ఎస్టేట్ ఇన్వెస్టర్‌ని అవుదామనుకుంటున్నా" అన్నాడు. అంటే ఏంట్రా అన్నాను. ఒక ఇల్లు కొని అద్దెకిచ్చి, దాని మీద వచ్చేదానితో ఇంకో ఇల్లు కొని అదీ అద్దెకివ్వడమట. "మనం నిద్రపోతుంటే డబ్బు దానంతటదే వస్తుంది పిన్నీ" అని ఫోనులో వీడియో పెట్టి చూపించాడు. కోటు వేసుకున్న కుర్రాడొకడు తెల్లగోడ ముందు నిలబడి చేతులు ఊపుతూ చెబుతున్నాడు. ఆ చేతులే చూశాను నేను. జన్మలో ఒక్క కుళాయి వాషరు మార్చిన చేతులు కావవి.

ఇరవై ఏళ్లకు పైగా నేను చేసింది ఈ పనే. దానికి అప్పుడింత పేరు లేదు. "ఓనరమ్మ" అనేవాళ్లు, మొహం మీదైతే "గారు" కలిపేవాళ్లు. చిలకలూరిపేటలో హైవేకి వెనక వీధిలో మా ఇల్లు. కింద మేముండేది కాక నాలుగు పోర్షన్లు, పైన నాలుగు. మా ఆయన జిన్నింగ్ మిల్లులో మెకానిక్కు. ఆయన కింది అంతస్తు కట్టి కన్నుమూశాడు. పైది నేను కట్టించాను. మోకాళ్లు, ఓపిక రెండూ ఒకేసారి అరిగిపోవడంతో పోయిన రంజాన్ తర్వాత తాళాల గుత్తి మా కోడలి చేతికిచ్చి పని మానేశాను. రఫీలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని విని, వీడియోల్లో చెప్పని సంగతులు కొన్ని రాస్తున్నాను.

నిద్రపోతుంటే వచ్చే ఆదాయం

ఈ పనిలో మన మీద అధికారి ఎవరూ ఉండరనుకుంటారు. ఉంటాడు. బోరు మోటారు. అది చెడిపోయేది ఎప్పుడూ మెకానిక్ పెళ్లికి వెళ్లిన రోజే. ఎండాకాలంలో నీళ్లు అడుగంటితే ఎనిమిది పోర్షన్ల వాళ్లూ మన గుమ్మం ముందు నిలబడతారు, భూమిలో నీళ్లు మనమే తాగేసినట్టు. అందులో ఒకరి కుళాయి మాత్రం రోజంతా కారుతూనే ఉంటుంది. చెబితే, "అవునాండీ, చూసుకోలేదండీ" అంటారు. వాళ్ల సొంత కుళాయి అయితే ఆ చుక్క చప్పుడుకి నిద్ర పట్టేది కాదు.

ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు అందరూ "మేమిద్దరమేనండీ" అంటారు. సామాను దిగేటప్పుడు లారీ వెనక నుంచి అత్త, బావమరిది, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క దిగుతారు. "మేకులు కొట్టం" అంటారు. ఖాళీ చేసిన రోజు గోడ చూస్తే మశూచి పోసినట్టు ఉంటుంది.

అద్దెకుండేవాళ్లే ఇలాంటివాళ్లని చెప్పడం లేదు. మా ఓనర్ల జాతిని గురించి కూడా చెప్పాలి. ఇల్లు అద్దెకివ్వడమంటే నాలుగు గోడలు, ఒక కప్పు ఇవ్వడం. మావాళ్లు అడిగేది మాత్రం కులం, గోత్రం, చేపలు వండుతారా, చుట్టాలెంతమంది, పిల్లలు ఏడుస్తారా. పిల్లని ఇచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగరు. ఇల్లు కావాలని ఫోను చేసి, నా పేరు వినగానే "మావాళ్లని అడిగి చెబుతామండీ" అని ఫోను పెట్టేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎవర్ని అడిగారో, ఆ మావాళ్లు ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

అలాంటప్పుడు ఒక పురోహితుడు, శర్మగారు, భార్యతో వచ్చి పైన పోర్షన్ కావాలన్నారు. నాకు నవ్వొచ్చింది. "మా ఇల్లని తెలిసే వచ్చారా పంతులుగారూ?" అన్నాను.

"తెలిసే వచ్చానండీ. ఇప్పుడున్న ఇంటాయన మావాడే. సత్యనారాయణ వ్రతాలు, కారు పూజలు, వాళ్ల బావమరిది షాపు ప్రారంభం, అన్నీ నాచేత ఉత్తినే చేయించుకుంటున్నాడు. మీరైతే అడగరు కదా."

ఇంత సూటిగా మాట్లాడే మనిషికి ఇల్లు ఇవ్వకపోతే ఎవరికిస్తాం? ఇచ్చాను.

కోటమ్మ

ఇక అసలు సంగతి. ఈ పని ఏమిటో నాకు తెలిసింది మోటార్ల వల్ల కాదు, కోటమ్మ వల్ల.

కింద వెనక పోర్షన్‌లో శ్రీను అనే అతను ఉండేవాడు. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టుల పని. భార్య పద్మ, సీజన్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. కోటమ్మ శ్రీను తల్లి. పొదిలి అవతల వాళ్ల ఊరు. అక్కడ ఉన్న మట్టి ఇల్లు వానకి కూలిపోతే కొడుకు దగ్గరికి వచ్చేసింది.

ఆవిడ నోరు పెద్దది. మా మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ ఏదో ఒకటి అంటించేది. పైన బ్యాంకులో ఆఫీసరు ప్రసాదరావుగారు పొట్ట తగ్గడానికి పొద్దున్నే వీధి చివరిదాకా పరుగెత్తి వస్తుంటే, "ఎవరు తరుముతుండారయ్యా నిన్ను?" అని అడిగేది. ఆయనకి అది నచ్చేది కాదు. అప్పట్లో మా ఇంటి వాళ్లందరికీ కలిపి ఫోనులో వాట్సాప్ గ్రూపు పెట్టిందీ, దానికి పెద్దరికం వహించిందీ ఆయనే. మెట్ల మీద కూర్చోరాదని ఆ గ్రూపులో ఒక మెసేజి పెట్టాడు. కోటమ్మకి ఫోను లేదు, చదువు రాదు. మెట్ల మీదే కూర్చుంది.

తర్వాత ఆవిడకి కడుపులో నొప్పి మొదలైంది. గుంటూరు ఆసుపత్రిలో చూపిస్తే లివరంతా పాడైపోయిందన్నారు. కొన్నాళ్లు ఉంచుకుని, "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. డాక్టర్లకి ఆ మాట ఎంత తేలికో! ఏ ఇంటికి? ఊళ్లో ఇల్లు లేదు. ఉన్నది నా పోర్షనే.

అక్కడికే తీసుకొచ్చాడు. పద్మ పనికి పోకపోతే గడవదు, పోయి వస్తే మిరప ఘాటుకి చేతులు మంటలు. ఒకరోజు సాయంత్రం నా గుమ్మం దగ్గర నిలబడి, "ఆంటీ, కాస్త వచ్చి మా అత్త మొహం తుడవరా? నేను తుడిస్తే కళ్లు మండుతున్నాయని తిడుతోంది" అంది. వెళ్లి తుడిచాను. అలా రోజూ వెళ్లడం అలవాటైంది.

రాయబారం

నాలుగు రోజులు గడిచాయో లేదో, ప్రసాదరావుగారు ఇంకో రెండు పోర్షన్ల మగవాళ్లని వెంటేసుకుని నా వసారాలోకి వచ్చారు. టీ ఇచ్చాను. టీ తాగేదాకా వర్షాల గురించి మాట్లాడి, గ్లాసు కింద పెట్టాక అసలు విషయానికి వచ్చారు.

"ఆంటీ గారూ, మీకు తెలియదేమో. మాలో అద్దె ఇంట్లో చావు కాకూడదండి. నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలి. ఇది మీ మంచికోసమే చెబుతున్నాం."

"ఏం చేద్దామంటారు?"

"ఊరికి పంపించెయ్యమనండి."

"ఊళ్లో ఇల్లు కూలిపోయిందండీ."

"అయితే ఊరి బయట సత్రం ఉంది కదా, దాని అరుగు మీద... చాలామంది అలాగే చేస్తారండి. మానవత్వం మాకూ ఉంది. ఆటో ఖర్చు మేం పెట్టుకుంటాం."

నాకు అప్పుడు అర్థమైంది. ఆయన దిగులు కోటమ్మ చచ్చిపోతుందని కాదు, ఎక్కడ చచ్చిపోతుందోనని. అదే మనిషి వారం క్రితం ఆసుపత్రిలో వాళ్ల మామగారిని చూసి వచ్చాడు. ఆ మామగారు పడుకున్న మంచం మీద అంతకుముందు ఎంతమంది పోయారో ఎవరైనా లెక్క చూశారా? సొంతిల్లైతే అది తాతగారు పోయిన గది, దండ వేసిన ఫొటో పెడతారు. అద్దె ఇల్లైతే అది శవం లేచిన గది, గడప దాటరు.

నేను ఏమీ తేల్చకపోయేసరికి, "పోనీ శర్మగారు చెబితే వింటారా?" అని అందరూ మేడ మీదికి నడిచారు. నేనూ వెళ్లాను.

శర్మగారు మొత్తం విని, "ఆవిడ పోయిందా?" అని అడిగారు.

"ఇంకా లేదండీ."

"పోకుండానే పోయిన నక్షత్రం ఎలా చెప్పనండీ? పుట్టకముందే జాతకం రాయమన్నట్టుంది" అని లోపలికి వెళ్లిపోయారు.

మంచి మాటే. కానీ ఆయన ఎటూ చెప్పకుండా జారుకున్నారని నాకు అనిపించకపోలేదు. పురోహితులు, ప్లంబర్లు ఈ విషయంలో ఒకటే. అసలు రిపేరు ఎక్కడుందో కచ్చితంగా చెప్పరు.

మర్నాడు పొద్దున శ్రీను నా దగ్గరికి వచ్చాడు. కళ్లెత్తి చూడలేకపోతున్నాడు. "అమ్మా, ఆటో మాట్లాడాను. మా అమ్మని సత్రం కాడికి తీసుకుపోతాం. మీకు ఇబ్బంది కానియ్యను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏమన్నారో, ఎన్ని మాటలన్నారో అతను చెప్పలేదు. అతను మిల్లులో రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి. తల్లిని అరుగు మీద పడుకోబెట్టడానికి నన్ను క్షమించమంటున్నాడు!

వెనక పోర్షన్‌లోకి వెళ్లాను. కోటమ్మ మంచం మీద ఎండిన కంది కట్టెలా ఉంది. నోరు మాత్రం తగ్గలేదు.

"ఓనరమ్మా, నన్ను యాడికి తోలతా ఉండారు?"

"సత్రానికంట."

"ఆడ ఫ్యానుందా?"

కోటమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూసి, "ఇది బాగుందమ్మా. మా ఊళ్లో నాకు ఫ్యాను ల్యా. చచ్చేముందు కూడా ఉక్కపోతేనా?" అంది.

నాకు దయాగుణం ఎక్కువని ఎవరూ అనుకోవద్దు. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది దయ కాదు, కోపం. ఇల్లు మా ఆయనా నేనూ కట్టించాం. సిమెంటుకి నీళ్లు నేను పట్టాను. ఇందులో ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో వీధిలో పరుగులు తీసే మనిషి చెప్పడమేమిటి? బయటికొచ్చి, "ఒరేయ్ శ్రీనూ, ఆ ఆటో పంపించెయ్" అన్నాను. అతను నిలబడే ఉన్నాడు. "వినపడలా? పంపించెయ్ అంటున్నా" అని గట్టిగా అరిచాను. అరుపు మేడ మీదికి కూడా వినపడాలనే అరిచాను.

ఎదురుచూపు

ఆ సాయంత్రమే గ్రూపులో పెద్ద మెసేజి వచ్చింది. సంప్రదాయం, పిల్లల భవిష్యత్తు, పాజిటివ్ ఎనర్జీ, అన్నీ ఉన్నాయందులో. ప్రసాదరావుగారు కుటుంబాన్ని తీసుకుని ఒంగోలులో అత్తగారింటికి వెళ్లిపోయారు. మిగిలిన ఇద్దరూ ఖాళీ చేస్తామని బెదిరించి, బయట ఇళ్లు దొరక్క ఉండిపోయారు. మా మరిది కరీం కూడా వచ్చి, "వదినా, మనకెందుకొచ్చిన గొడవ? రేపు ఏదన్నా అయితే మనం వేరేవాళ్లమని మన మీదికే వస్తారు" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ భయం నాకూ ఉంది. కానీ ఆటో వెళ్లిపోయింది కదా!

ఇంతలో కోటమ్మ ఏం చేసిందో తెలుసా? కోలుకుంది. పూర్తిగా కాదు, లేచి కూర్చునేంత. చింతచిగురు పప్పు కావాలని అడిగి రెండు ముద్దలు తింది. ఒంగోలు నుంచి ప్రసాదరావుగారు రోజూ పొద్దున్నే ఫోను.

"ఆంటీ గారూ, మరి... ఆవిడ...?"

"ఉందండీ. పప్పు తింటోంది."

అవతల నిట్టూర్పు. ఒక మనిషి పప్పు తింటోందని విని అంత దిగులుపడ్డ గొంతు నేనింకెప్పుడూ వినలేదు. ఈ సంగతి కోటమ్మకి చెబితే దగ్గు వచ్చేదాకా నవ్వి, "ఆయన వచ్చేదాకా పోనని చెప్పు" అంది.

పిల్లల స్కూలు పోతోందని, ఒంగోలు నుంచి బ్యాంకుకి రోజూ బస్సులో రాలేక ఆయన తిరిగి వచ్చాడు. కోటమ్మ మాట నిలబెట్టుకుంది. ఆ వారంలోనే పోయింది.

అప్పుడు పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. శ్రీను షిఫ్టులో, పద్మ పనిలో ఉన్నారు. మధ్యాహ్నం ఎండ వాలాక టీ పట్టుకెళ్లాను. చెంచాతో పెదాలు తడిపాను. నా వంక చూసి ఏదో అనబోయింది. ఏమన్నా వెటకారమేమోనని వంగి విన్నాను. మాట రాలేదు. చెయ్యి నా చీర కొంగు పట్టుకుని ఉంది. పట్టు వదలడం నాకు తెలిసింది. టీ చల్లారేదాకా అలాగే కూర్చున్నాను. ఈ పనిలో అంతకుముందు నేనెప్పుడూ ఏడవలేదు.

నక్షత్రం

శవాన్ని గేటు బయట రోడ్డు మీద పెట్టాలన్నారు. నా వసారాలో పెట్టించాను. అంత భయపడ్డ కరీమే షామియానా వేయించి, కుర్చీలు తెప్పించాడు. పొదిలి నుంచి వాళ్ల బంధువులు బయల్దేరారు. అప్పుడు ప్రసాదరావుగారు మెట్లు దిగి వచ్చి, దణ్ణం పెట్టి, వెంటనే ఫోను తీశారు.

"యాప్‌లో ధనిష్ఠ అని చూపిస్తోందండీ! ధనిష్ఠా పంచకం! ఈ ఇల్లు మూసెయ్యాల్సిందే. నేను ముందే చెప్పాను!" ఆ గొంతులో దుఃఖం లేదు, పరీక్షలో తాను చదివిన ప్రశ్నే వచ్చిన పిల్లాడి సంతోషం ఉంది.

మనుషులు గుమిగూడారు. శ్రీను బంధువుల్లో ముందుగా వచ్చినవాళ్లు మొహాలు చూసుకుంటున్నారు. పద్మ తలకొట్టుకుంటోంది. ఆ ఏడుపు మధ్య శర్మగారు మెల్లగా మెట్లు దిగి వచ్చారు. చేతిలో పంచాంగం. అందరూ దారిచ్చారు.

"ధనిష్ఠ వచ్చింది భోజనాల వేళ దాటాక. అంతకుముందు శ్రవణం. శ్రవణంలో పోతే ఏ దోషమూ లేదు" అన్నారు. ప్రసాదరావుగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగారు. "ఓనరమ్మ గారూ, పక్కన ఉన్నది మీరే కదా. ఆవిడ భోజనాల వేళకే పోయింది కదూ?"

నేను ఆయన మొహం చూశాను. ఆ మొహంలో ఏమీ లేదు. మంత్రం చదివేటప్పుడు ఉండే మొహమే.

"అవునండీ. భోజనాల వేళకే" అన్నాను.

"మరి మాకు సాయంత్రం చెప్పారేంటండీ?" అన్నారు ప్రసాదరావుగారు.

"కొడుకుకి చెప్పకుండా ముందు మీకు చెబుతానా?" అన్నాను.

"అయినా యాప్‌లో..." అని ఆయన ఇంకా నసుగుతుంటే, శర్మగారు, "అయితే మీ అమ్మాయి పెళ్లికి ఆ యాప్‌నే పీటల మీద కూర్చోబెట్టి మంత్రాలు చదివించుకోండి" అని పంచాంగం మూసేశారు. షామియానా కింద ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. చావింట్లో నవ్వకూడదంటారు గానీ, కోటమ్మ బతికుంటే ముందు ఆవిడే నవ్వేది.

టులెట్

ప్రసాదరావుగారు ఆ నెలాఖరుకి ఖాళీ చేశారు. శ్రీనూ వాళ్లు పెద్దకర్మ అయ్యాక మిల్లు దగ్గరలో ఇల్లు చూసుకున్నారు. "ఆ మంచం వేసిన చోటు చూడలేకపోతున్నా ఆంటీ" అంది పద్మ. అది భయం కాదు, బెంగ. ఆ రెంటికీ తేడా తెలియకపోతే ఈ పనిలోకి రాకండి.

వెనక పోర్షన్‌కి బోర్డు పెట్టాను. శర్మగారి మాట ఊరికి వినపడలేదు, ప్రసాదరావుగారి మాట వినపడింది. వచ్చినవాళ్లు గది చూసి, కిటికీ చూసి, గాలి బాగుందని మెచ్చుకుని, చివర్లో గొంతు తగ్గించి, "ఇందులో ఎవరో పోయారటగా?" అనేవాళ్లు. "అవునండీ" అంటే చెప్పులు వేసుకునేవాళ్లు. బ్రోకరు నాకు ఉపాయం చెప్పాడు: "లేదని చెప్పండమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అని. కోటమ్మ అసలు అక్కడ బతకలేదని చెప్పమన్నట్టే ఉంది నాకు. చెప్పలేదు. పోర్షన్ నెలల తరబడి ఖాళీగా పడి ఉంది.

ఒకరోజు పొద్దున శర్మగారు రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ కిందికి వచ్చారు. వసారాలో కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకున్నారు.

"ఓనరమ్మ గారూ, ఆ వెనక పోర్షన్ నాకిస్తారా? మోకాళ్లు పోయాయి. మేడ ఎక్కలేకపోతున్నాను."

బయటివాళ్లకి ఎలాంటి జవాబైనా చెప్పగలను గానీ, రోజూ దేవుడికి దీపం పెట్టుకునే ఈ మనిషికి? గొంతు తగ్గించి, "పంతులుగారూ, మీకు తెలుసు కదా. ఆ రోజు ఆవిడ పోయింది భోజనాల వేళకి కాదు. నేను టీ పట్టుకెళ్లాక" అన్నాను.

శర్మగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడనట్టు నా వంక చూశారు.

"అదేంటండీ, అంతమంది ముందు మీరే కదా చెప్పారు? మీలాంటి పెద్దమనిషి అబద్ధం చెబుతారా?" అని లేచి, "సున్నం మాత్రం వేయించండి. గోడకి మేకులు ఎక్కువయ్యాయి" అంటూ తాళంచెవి కోసం చెయ్యి చాపారు.